కొట్లో నోటితో చెప్పేదంతా వెబ్‌సైటులో రాసి ఉండాలి

చిన్న వ్యాపారులు ఎవరైనా "మా వెబ్‌సైటు గూగుల్‌లో కనిపించడం లేదు" అన్నప్పుడు నేను ముందుగా ఆ వెబ్‌సైటులో చదవడానికి ఏముందో చూస్తాను. గుంటూరు, విజయవాడ, తెనాలి చుట్టుపక్కల కొట్ల వెబ్‌సైట్లలో చాలావాటికి చక్కని ఫొటోలు ఉంటాయి, కదిలే బ్యానర్లు ఉంటాయి, కింద మూలన వాట్సాప్ గుర్తు ఉంటుంది. రాత విషయానికి వస్తే "మా వద్ద అన్ని రకముల నాణ్యమైన చీరలు సరసమైన ధరలకు లభించును" అన్న ఒక్క వాక్యానికి మించి దొరకదు. అదే కొట్టుకు మీరు స్వయంగా వెళ్తే, యజమాని చీర మడత విప్పి పరిచి, అది ఏ నూలో, ఏ మగ్గం మీద నేసిందో, జరీ ఎలాంటిదో, మొదటిసారి ఎలా తడపాలో అడగకముందే చెప్పుకొస్తారు. ఆ మాటల వల్లే బేరం కుదురుతుంది, ఆ మాటలే వెబ్‌సైటులో ఉండవు. గూగుల్‌లో వెతికే మనిషి కూడా సరిగ్గా వాటి కోసమే వెతుకుతుంటారు కాబట్టి, కొట్లో నోటితో చెప్పేదంతా పేజీ మీద రాతగా పెట్టడమే చిన్న వెబ్‌సైటుకు అన్నింటికంటే ముఖ్యమైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. మిగిలిన సాంకేతిక పనులన్నీ ఆ రాత గూగుల్‌కూ, చదివేవారికీ సరిగా అందేలా చూడటానికి ఉన్నవే.

మంగళగిరిలో చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మే ఒక కుటుంబం వారి వెబ్‌సైటు పనులను కొంతకాలంగా నేను చూస్తున్నాను కాబట్టి ఆ ఉదాహరణ మీదే చెబుతాను. మంగళగిరి నేతకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుంట మగ్గం మీద గట్టిగా నేసిన నూలు గుడ్డ, బుటా లేని సాదా ఒళ్లు, రెండు వైపులా నిజాం అంచు అని పిలిచే జరీ అంచు, కొంగులో జరీ చారలు, ఇవి ఆ నేతకు పేరు తెచ్చిన లక్షణాలు. పానకాల నరసింహస్వామి దర్శనానికి వచ్చినవారు తిరుగు ప్రయాణంలో నాలుగు చీరలు కొనుక్కుని వెళ్లడం ఇక్కడ మామూలే, కనుక గుడి దారిలో ఉన్న కొట్టుకు గిరాకీని ఎవరూ వెతికి పెట్టనక్కరలేదు. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి మంగళగిరి చీర కొనాలనుకునే ఆవిడకు మాత్రం గూగుల్ తప్ప మరో దారి లేదు. ఆవిడ అడిగిన మాటకు జవాబు మన పేజీలో రాసి లేకపోతే, ఆ మాటకు జవాబు రాసిన మరెవరి పేజీకో, చాలాసార్లు మరమగ్గం మీద నేసిన చీరను మంగళగిరి చీరగా అమ్మేవారి పేజీకో, ఆవిడ వెళ్లిపోతారు. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల కలగడానికి అసలు కారణం అదే.

గూగుల్ పని మూడు దశల్లో జరుగుతుంది. దాని యంత్రం లింకుల వెంట తిరుగుతూ పేజీలను చదువుతుంది, చదివినదాన్ని ఇండెక్స్ అనే తన జాబితాలో చేర్చుకుంటుంది, ఎవరైనా వెతికినప్పుడు ఆ ఇండెక్స్ నుంచే తీసి చూపిస్తుంది. మొదటి రెండు దశలూ దాటని పేజీకి మూడో దశలో చోటే ఉండదు. మీ పేజీలు ఇండెక్స్‌లో ఉన్నాయో లేవో చూడటానికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది: గూగుల్ పెట్టెలో సైట్ అనే మాటను ఇంగ్లీషులో కొట్టి, పక్కన కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే మీ వెబ్‌సైటు చిరునామా, రాయండి. నేను చెబుతున్న కొట్టు విషయంలో అలా వెతికితే ఏమీ రాలేదు. వెబ్‌సైటు తయారు చేసి ఇచ్చినవారు, పని జరుగుతున్నంత కాలం సగం కట్టిన పేజీలు బయటపడకుండా ఉండాలని, వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అనే సాధనం సెట్టింగుల్లో రీడింగ్ అనే పేజీలో సెర్చ్ ఇంజన్లు ఇటు రావద్దని చెప్పే చిన్న గడిలో టిక్కు పెట్టారు. అది మంచి అలవాటే. కానీ వెబ్‌సైటు అప్పగించే రోజున ఆ టిక్కు తీయలేదు. కొట్టువారు ఆ తరువాత కూడా ప్రకటనలకు డబ్బు పెడుతూ, సహజంగా వెతికితే ఎందుకు రావడం లేదో తెలియక ఎదురు చూస్తూనే ఉన్నారు. మీ వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్ మీద ఉంటే, మరే పనికీ పూనుకోకముందు ఆ గడి ఒక్కసారి చూసుకోండి.

ఆ తరువాతి పని సెర్చ్ కన్సోల్. ఇది గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం. డొమైన్ మనదేనని నిరూపించుకుంటే చాలు. ఏ మాటలు వెతికినప్పుడు మన పేజీ చూపించారో, ఎంతమంది నొక్కారో, సగటున ఎన్నో స్థానంలో వచ్చిందో గత 16 నెలల లెక్క అందులో ఉంటుంది. ఏ పేజీ ఇండెక్స్‌లోకి వెళ్లలేదో, ఎందుకు వెళ్లలేదో కూడా అదే చెబుతుంది. నెలకు వేలకు వేలు తీసుకుంటూ రంగురంగుల నివేదికలు పంపే సంస్థలు ఇచ్చే సమాచారంలో చాలా భాగం ఇందులోనిదే, కాబట్టి వ్యాపారి దీన్ని తన కళ్లతో చూడటం నేర్చుకోవాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇక అసలు విషయమైన రాతకు వస్తాను. మన ఊళ్లలో వెబ్‌సైటులో పెట్టే సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో గమనిస్తే రాత ఎందుకు లేదో అర్థమవుతుంది. కొట్టుకు కరపత్రమో ఫ్లెక్సీయో కావాలంటే డీటీపీ సెంటరుకు వెళ్తాం. అక్కడ అక్షరాలు కూర్చేది ఎక్కువగా అను ఫాంట్లలో. ఆ పాత తరహా ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి కాబట్టి, కాగితం మీద అచ్చయితే కన్నుల పండువగా కనిపించే వాక్యమే, తీసి వెబ్‌సైటులో అతికిస్తే పిచ్చి గుర్తుల వరుస అయిపోతుంది. అందుకని వెబ్‌సైటు చేసేవారు ఆ కరపత్రాన్నే బొమ్మగా మార్చి పేజీలో పెట్టేస్తారు. కొట్టు చరిత్ర, చీరల రకాలు, ధరలు, చిరునామా, సెలవు రోజు అన్నీ ఆ బొమ్మలోనే ఉంటాయి. మనిషి కంటికి అది రాతే, గూగుల్‌కు అది ఫొటో. ముఖ్యమైన సమాచారాన్ని బొమ్మలో బిగించవద్దని, రాతగానే పెట్టమని గూగుల్ తన మార్గదర్శకాల్లో చెబుతూనే ఉంది. పైగా ఆ బొమ్మ ఫోనులో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, కళ్లు లేనివారికి ఫోను సరిగా చదివి వినిపించలేదు, అందులోని ఫోను నంబరును నొక్కితే కాల్ వెళ్లదు.

దీనికి విరుగుడు యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోనులోనైనా, ఏ వెబ్‌సైటులోనైనా తెలుగు అక్షరాలుగానే చదవగలిగే పద్ధతి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు నెట్‌లో దొరుకుతాయి, అయితే మార్చాక ఒత్తులు, సున్నలు, అరసున్నలాంటి గుర్తులు అక్కడక్కడ తారుమారవుతాయి కనుక ఒకసారి మనిషి చదివి దిద్దాలి. అందమైన ఫాంట్లు లేవన్న దిగులు ఇప్పుడు అక్కరలేదు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర, చదివే భాగానికి మండలి పెడితే పేజీ నిండుగా ఉంటుంది. అయితే తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటే సాధారణంగా బరువుగా ఉంటుంది, కాబట్టి రెండింటికి మించి పెట్టవద్దు.

రాయవలసింది ఏమిటన్న ప్రశ్నకు జవాబు కొట్టు వాట్సాప్‌లోనే ఉంది. ఆ ఇంటి కోడలు ఆన్‌లైను ఆర్డర్లు చూసుకుంటారు. ఆవిడ ఫోనులో వచ్చిన ప్రశ్నలన్నీ నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. "జరీ నల్లబడుతుందా అండీ?" "రంగు దిగుతుందా?" "జాకెట్ ముక్క చీరతోనే వస్తుందా, విడిగా కొనాలా?" "ఇది చేనేతేనని నమ్మకం ఏమిటి?" "మంగళగిరి పట్టు అంటే పూర్తి పట్టా, పట్టూ నూలూ కలిసిందా?" "పెద్దవాళ్లు రోజూ కట్టుకోవడానికి బరువుండదు కదా?" "అక్కా, అమెరికాకు పంపుతారా, ఎన్ని రోజులు పడుతుంది?" అడిగేవారు మారుతున్నారు, ప్రశ్నలు మాత్రం ఇవే. ప్రతిదానికీ ఆవిడ దగ్గర ఓపికగల, వివరమైన జవాబు ఉంది. ఆ జవాబు వాట్సాప్‌లో ఒక్కరికే చేరి అక్కడే ఆగిపోతోంది. అదే పేజీలో ఉంటే, ఆ ప్రశ్నను గూగుల్‌లో అడిగినవారికల్లా చేరే అవకాశం ఉంటుంది.

ఒక చీర పేజీలో అంతకుముందు "ఎక్స్‌క్లూజివ్ హ్యాండ్లూమ్ కలెక్షన్, ప్రీమియం క్వాలిటీ" అని మాత్రమే ఉండేది. ఆ మాటలు ఏ ఊరి ఏ చీరకైనా సరిపోతాయి, కనుక ఏ చీర గురించీ ఏమీ చెప్పవు. ఇప్పుడు అదే పేజీలో ఇలా ఉంది: "గుంట మగ్గం మీద నేసిన మంగళగిరి నూలు చీర. పడుగు, పేక రెండూ 80 కౌంటు నూలు. ఒళ్లు ఆవపూవు రంగు, అంచు మెరూన్. అంచుకు వాడింది టెస్టెడ్ జరీ, వెండి జరీ కాదు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, జాకెట్ ముక్క 80 సెంటీమీటర్లు దానికి అదనం. మొదటి రెండు మూడు ఉతుకుల వరకు విడిగా చల్లని నీళ్లలో తడపండి, అంచును బ్రష్షుతో రుద్దవద్దు, నీడన ఆరేయండి. సెంటు నేరుగా జరీ మీద కొట్టుకోవద్దు, నల్లబడుతుంది." ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. ఆ కోడలు నోటి వెంట వచ్చిన మాటలే ఇవి, నేను వరుసలో పెట్టానంతే. వెండి జరీ కాదు అని రాయడానికి మొదట ఇంట్లో పెద్దాయన ఒప్పుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరు కొంటారు బాబూ?" అన్నారు. ఆ ధరకు ఏ జరీ వస్తుందో తెలిసినవారికి అది నమ్మకం కలిగించే మాట అనీ, తెలియనివారికి చీర చేతికందాక వచ్చే నిరాశను తప్పించే మాట అనీ నేను చెప్పాను. ఇప్పుడు అన్ని పేజీల్లోనూ జరీ రకం రాస్తున్నారు.

చీర చీరకూ విడిగా ఇంత రాయడం కుదరని పని, అందులోనూ చేనేత కొట్టుకు మరొక చిక్కు ఉంది. ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అమ్ముడుపోగానే ఆ పేజీ తీసేస్తారు, గూగుల్‌లో ఆ పేజీ సంపాదించుకున్న చోటు దానితోపాటే పోతుంది. వారం తిరక్కుండా కొత్త చీర, కొత్త పేజీ, మళ్లీ మొదటి నుంచి. ఫ్యాక్టరీ సరుకు అమ్మే వెబ్‌సైట్లకు రాసిన సలహాలు ఇక్కడ పనికిరావు. ఈ కొట్టుకు మేము చేసిన ఏర్పాటు ఏమిటంటే, బరువంతా రకాల పేజీల మీద వేశాం. మంగళగిరి నూలు చీరలు, పట్టు నూలు కలిసిన చీరలు, నిజాం అంచు డ్రెస్ మెటీరియల్, మీటర్ల లెక్కన అమ్మే తాను గుడ్డ, ఇలా ప్రతి రకానికీ ఎప్పటికీ మారని ఒక పేజీ. నేత వివరం, నూలు, జరీ, ఉతికే పద్ధతి, ధరల పరిధి, తరచుగా అడిగే ప్రశ్నలు అన్నీ అక్కడ పూర్తిగా రాశాం. దాని కిందే ఆ రోజుకు ఉన్న చీరల ఫొటోలు, ఒక్కోదాని పక్కన రంగు, అంచు, ధర. చీరలు వస్తాయి, పోతాయి, ఆ పేజీ మాత్రం అక్కడే ఉండి ఏటికేడు బలపడుతుంది.

అమ్ముడైపోయిన చీర పేజీని ఏం చేయాలన్నది చాలామంది అడుగుతారు. అలాంటి చీరే మళ్లీ నేయించే ఉద్దేశం ఉంటే పేజీని ఉంచి, "ఇది అమ్ముడైంది, ఇదే రకంలో ఇప్పుడున్నవి ఇవి" అని రాసి కింద చూపించాలి. సరుకు ఉందో లేదో చెప్పే కోడ్‌లో కూడా లేదనే మార్చాలి. మళ్లీ రానిదైతే ఆ రకం పేజీకి శాశ్వతంగా దారి మళ్లించవచ్చు. పోయిన పేజీలన్నింటినీ ముఖపత్రానికి, అంటే హోమ్ పేజీకి, మళ్లించడం మాత్రం వద్దు. చీర కోసం వచ్చినవారికి అక్కడ ఆ చీర కనిపించదు, గూగుల్ కూడా అలాంటి మళ్లింపును లేని పేజీ కిందే లెక్కగడుతుంది.

ప్రతి పేజీకి ఉండే టైటిల్ గురించి కూడా రాయాలి. బ్రౌజరు ట్యాబ్ మీదా, గూగుల్ ఫలితాల్లో నీలం అక్షరాల్లోనూ కనిపించేది అదే. హోమ్, ప్రొడక్ట్స్, అబౌట్ అని ఉన్న టైటిళ్లు ఇప్పటికీ కోకొల్లలు. "మంగళగిరి నూలు చీరలు, నిజాం అంచు, గుంట మగ్గం నేత" అని రాసి చివర కొట్టు పేరు పెడితే, ఆ పేజీలో ఏముందో చూడగానే తెలుస్తుంది. గూగుల్ ఒక్కోసారి మన టైటిల్‌ను పక్కన పెట్టి తనకు నచ్చినట్టు చూపిస్తుంది, అయినా మనం రాయడం మానకూడదు. పేజీ కోడ్‌లో చదివేవారికి కనిపించకుండా ఉండే కీవర్డ్స్ అనే మెటా ట్యాగును మాత్రం వదిలేయండి. ర్యాంకుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ అందులో రెండు వందల మాటలు కుక్కి దానికి రుసుము వసూలు చేసేవారు ఉన్నారు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? రెండింటిలోనూ రాయాలన్నదే నా జవాబు, కానీ ఒకే పేజీలో కలగలిపి కాదు. మనవాళ్లలో చాలామంది తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతారు, ఫోనులో మైకు నొక్కి మాట్లాడేవారి మాటలు తెలుగు లిపిలో పడతాయి, తెలుగు రాని కొనుగోలుదారులు మంగళగిరి చీరకు ఎందరో ఉన్నారు. కాబట్టి తెలుగు పేజీకి ఒక చిరునామా, ఇంగ్లీషు పేజీకి మరో చిరునామా ఉండి, ఇది దానికి జత అని హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగుతో గూగుల్‌కు చెప్పాలి. మంగళగిరిని ఇంగ్లీషులో ఎల్ తరువాత ఏ పెట్టి రాసేవారూ ఉన్నారు, పెట్టకుండా రాసేవారూ ఉన్నారు. అలాంటి తేడాలను గూగుల్ చాలావరకు తానే సర్దుకుంటుంది కనుక అన్ని స్పెల్లింగులనూ పేజీ అడుగున గుప్పించడం అనవసరం. ఒక బటన్ నొక్కితే యంత్రం అనువదించి చూపే ఏర్పాటు పెట్టి తెలుగు పేజీ అయిపోయిందనుకోవద్దు. దానికి విడి చిరునామా ఉండదు కాబట్టి ఇండెక్స్‌లోకి వెళ్లదు, పైగా పడుగు, పేక, ఆసు, కొంగు వంటి మాటల దగ్గర యంత్రం చేసే అనువాదం చూస్తే నేత తెలిసినవారికి మనసు చివుక్కుమంటుంది. పేజీ చిరునామాను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచమని చెబుతాను. తెలుగు లిపిలోని ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే ఒక్కొక్కటీ శాతం గుర్తులతో కలిసి తొమ్మిది గుర్తులై, చూసినవారు ఇదేదో మోసపు లింకని నొక్కకుండా వదిలేస్తారు.

ఫొటోలు చీరల వ్యాపారానికి ప్రాణం, వేగానికి గండం. ఫోనుతో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఒకే పేజీలో ముప్పై పెడితే, పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద చూసేవారు మొదటి చీర కనిపించకముందే వెనక్కి వెళ్లిపోతారు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలోకి మారిస్తే నాణ్యత పెద్దగా చెడకుండా 200 కేబీ లోపుకు తెచ్చుకోవచ్చు. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. తిరిగే బ్యానరును తీసేసి ఒకే మంచి ఫొటో పెట్టడంతోనే చాలా వెబ్‌సైట్లు ఆ కొలతకు దగ్గరవుతాయి. గూగుల్ ఇప్పుడు చదివేది ఫోనులో కనిపించే పేజీనే. మొబైల్‌కు ప్రాధాన్యం ఇచ్చే ఆ మార్పు పూర్తయిందని గూగుల్ 2023 అక్టోబరులో ప్రకటించింది. కనుక కంప్యూటరులో కనిపించి ఫోను పేజీలో పెట్టని వివరాలు లేనట్టే లెక్క. ప్రతి ఫొటోకూ అందులో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ అనే చోట "ఆవపూవు రంగు మంగళగిరి నూలు చీర, మెరూన్ నిజాం అంచు" అన్నంత స్పష్టంగా రాయండి, ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో వదలకండి. సహజమైన పగటి వెలుతురులో రంగు మారకుండా తీసిన ఒక ఫొటో, నేత కనిపించేలా దగ్గరి నుంచి తీసిన మరొకటి ఉంటే రంగు గురించి వచ్చే గొడవలు సగం తగ్గుతాయి.

కొట్టుకు నేరుగా వచ్చే గిరాకీకి వెబ్‌సైటు కంటే, గూగుల్‌లోనూ మ్యాపులోనూ కొట్టు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైలే ముఖ్యం. గూగుల్ మై బిజినెస్ అని మనం పిలుచుకున్నది 2021 నుంచి ఈ పేరుతో ఉంది. ఆ ప్రొఫైల్‌తోపాటు ఉచితంగా వచ్చే ఒక పేజీ వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. మన వైపు ఎన్నో చిన్న కొట్ల విజిటింగ్ కార్డుల మీద, క్యారీ బ్యాగుల మీద ఆ మూతపడిన చిరునామాలే ఇంకా కనిపిస్తున్నాయి. మీ కార్డు ఒకసారి తీసి చూడండి. ప్రొఫైల్‌లో పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి, పేరు పక్కన "బెస్ట్ శారీస్ మంగళగిరి" అని తగిలించడం నిబంధనలకు విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలే ఆగిపోవచ్చు. మ్యాపులో సూది గుర్తు సరిగ్గా మన గుమ్మం మీదే ఉందా, సెలవు రోజు సరిగా ఉందా, పండుగ రోజుల వేళలు మార్చామా అన్నవి చిన్న పనులే, కానీ దూరం నుంచి కారు వేసుకుని వచ్చినవారు మూసిన షట్టరు ముందు నిలబడితే ఆ కోపం రివ్యూలోకి ఎక్కుతుంది. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం గూగుల్ ఒప్పుకోదు. కొన్నవారిని మర్యాదగా అడగడం, మంచి రివ్యూకైనా చెడ్డ రివ్యూకైనా శాంతంగా జవాబు రాయడం, ఇంతవరకే మన పని.

డబ్బు పెట్టకూడని చోట్లు కూడా రాస్తాను, ఎందుకంటే చిన్న వ్యాపారి కష్టార్జితం ఎక్కువగా కరిగేది అక్కడే. మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అని ఫోను చేసేవారిని నమ్మవద్దు, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెప్పింది. వేల బ్యాక్‌లింకులు, అంటే వేరే వెబ్‌సైట్ల నుంచి మన పేజీకి వచ్చే లింకులు, అమ్ముతామనేవారి జోలికి పోవద్దు. కొన్న లింకులతో పైకి రావాలని చూసే వెబ్‌సైట్ల మీద గూగుల్ 2012లో పెంగ్విన్ అనే మార్పుతో గట్టి దెబ్బ వేసింది, ఆ వైఖరి ఈనాటికీ మారలేదు. ప్రశ్నలు జవాబుల కోడ్ పెడితే ఫలితాల్లో ఎక్కువ చోటు దక్కుతుందని ఇప్పటికీ అమ్ముతున్నారు. 2023 ఆగస్టులోనే ఆ సౌకర్యాన్ని గూగుల్ పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య వెబ్‌సైట్లకు పరిమితం చేసింది. ప్రశ్నలు జవాబులు పేజీలో రాయడం చదివేవారి కోసం మంచిదే, దానికి విడిగా డబ్బు కట్టనక్కరలేదు. వెబ్‌సైటు చిరునామా మొదట https అని వచ్చేలా చేసే ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా సర్టిఫికెట్టు కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ద్వారా ఉచితంగా దొరుకుతుంది, హోస్టింగు ఇచ్చేవారిని అడిగితే చాలాచోట్ల వారే పెట్టి ఇస్తారు.

మార్పులు చేశాక ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చని గూగుల్ తరఫువారే చెప్పారు. చీరల కొట్టుకు ఈ మాట పంచాంగంతో ముడిపడి ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం చీరల పేజీ శ్రావణంలో మొదలుపెడితే ఆ ఏడు అందుకోదు, ఉగాది నాటికే అది సిద్ధంగా ఉండాలి. ఆషాఢం తగ్గింపులకు ఏటా కొత్త పేజీ తెరిచి, నెల తరువాత చెరిపేయడం కూడా నష్టమే. చిరునామాలో సంవత్సరం పెట్టకుండా ఒకే పేజీని ఉంచుకుని, ప్రతి ఏడూ లోపలి వివరాలు మారిస్తే పాత బలమంతా దానికే చేరుతుంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం కాబట్టి ఆ రోజుల్లో పత్రికలవారు, చేనేత గురించి రాసేవారు సమాచారం కోసం వెతుకుతారు. నిజాం అంచు ఎలా నేస్తారో తమ మగ్గాల ఫొటోలతో వివరంగా రాసిన పేజీ ఒకటి ఉంటే, వారు అడక్కుండానే లింకు ఇస్తారు, కొనని లింకు అంటే అదీ.

రాసిన పేజీ పాతబడకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. 800 డాలర్లలోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. అప్పటివరకు "అమెరికాకు కస్టమ్స్ ఉండదు" అని రాసి ఉన్న పేజీలు ఆ రోజు నుంచి తప్పు చెబుతున్నట్టే. చీర అందుకోబోయి చేతి నుంచి సుంకం కట్టవలసి వచ్చిన ఆడపడుచు మళ్లీ ఆ కొట్టులో కొనరు. అందుకే పార్సిళ్లు పంపే వివరాల పేజీ కింద చివరిసారి సరిచూసిన తేదీ రాయిస్తున్నాను, మార్పు వచ్చినప్పుడు ముందు ఆ పేజీ దిద్దాకే వాట్సాప్ స్టేటస్ పెట్టమని కోడలిగారికి చెప్పాను.

వీటితోపాటు మరవకూడని కాగితం పని ఒకటుంది. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి. వెబ్‌సైటు చేసి ఇచ్చినవారు తమ పేరు మీదే డొమైన్ కొని, తమ మెయిల్‌తోనే సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ తెరవడం మన దగ్గర చాలా ఎక్కువ. సంబంధం చెడినా, వారు వ్యాపారం మానేసినా, రెన్యువల్ మరిచినా, ఏళ్ల తరబడి సంపాదించిన పేరు మొత్తం వేరేవారి చేతిలో ఉండిపోతుంది. డొమైన్ మీ పేరు మీదకు, మీ మెయిల్‌కు మార్పించుకోండి. సెర్చ్ కన్సోల్‌లోనూ ప్రొఫైల్‌లోనూ ఓనరుగా మీరే ఉండి, పని చేసేవారిని మేనేజరుగా చేర్చండి. రెన్యువల్‌కు ఒక్కో ఏడాది కాకుండా కొన్నేళ్లకు కలిపి కట్టండి, ఆ మెయిల్‌కు రెండంచెల తనిఖీ పెట్టి, రికవరీ నంబరుగా ఇంట్లో ఎప్పుడూ మారని నంబరే ఇవ్వండి.